విడిపోయిన జంట మీద నవల రాస్తున్న అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

అమ్మాయీ,

ఆశీస్సులు. నువ్వు పంపిన కథాసంగ్రహం, మొదటి రెండు అధ్యాయాలు చదివాను. భార్య కువైట్‌లో ఒక ఇంట్లో పని చేస్తుంది, భర్త రైల్వే కోడూరు దగ్గర పల్లెలో తల్లితో, ఇద్దరు పిల్లలతో ఉంటాడు, 2020లో కరోనా వచ్చి రాకపోకలు ఆగిపోతాయి. ఈ జంటను ఎంచుకున్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. ఊరు దాటి వెళ్ళిన మగవాడి కోసం ఎదురుచూసే ఆడవాళ్ళు మన సాహిత్యంలో కావలసినంత మంది ఉన్నారు. వెళ్ళిన భార్య కోసం ఎదురుచూసే మగవాడు దాదాపు లేడు. కోడూరు, పుల్లంపేట, చిట్వేలు, రాజంపేట, రాయచోటి వైపు మాత్రం అలాంటి మగవాళ్ళు వీధికి ఒకరు ఉన్నారు. ఆ బడుల్లో పాఠాలు చెప్పినన్నాళ్ళూ నా తరగతిలో అమ్మ కువైట్‌లో ఉన్న పిల్లలు లేని ఏడాది లేదు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

మొదట అసలు విషయం. నీ సంగ్రహంలో 'కరోనా వాళ్ళిద్దరినీ విడదీసింది' అని రాశావు. కరోనా విడదీయలేదమ్మా. అప్పు విడదీసింది. ఆడబిడ్డ పెళ్ళికో, ఎండిపోయిన బోరుకో, సగంలో ఆగిన ఇంటికో చేసిన అప్పు. వాళ్ళు అప్పటికే విడిగా ఉన్నారు, కానీ ఆ విడిపోవడానికి ఒక తేదీ ఉంది. రెండేళ్ళు అవగానే లీవు, టికెట్టు, ఊరు. ఆ తేదీని పట్టుకుని ఇద్దరూ బతుకుతున్నారు. కరోనా చేసిన పని ఆ తేదీని తుడిచెయ్యడం. తేదీ ఉన్న ఎడబాటు వేరు, లేని ఎడబాటు వేరు. మొదటిదాంట్లో మనిషి రోజులు లెక్కపెట్టుకుంటాడు. రెండోదాంట్లో లెక్కపెట్టడానికి ఏమీ ఉండదు, అప్పుడు అనుమానాలు మొదలవుతాయి, పాత మాటలు గుర్తుకొస్తాయి, ఒకరి గొంతులో మార్పు ఇంకొకరికి పెద్దగా వినిపిస్తుంది. నీ నవల మొత్తం ఈ తేడా మీద నిలబడాలి.

కాబట్టి కథను లాక్‌డౌన్‌తో మొదలుపెట్టకు. 2020 జనవరిలోనో, సంక్రాంతి తర్వాతో మొదలుపెట్టు. ఆమెకు రెండేళ్ళు నిండబోతున్నాయి. మార్చి నెలాఖరుకు టికెట్టు తీశారు. పిల్లలకు ఏం తేవాలో జాబితా తయారైంది. ఇంటికి సున్నం వేయించాలని అతను అనుకుంటున్నాడు. పాఠకుడు కూడా ఆ తేదీ కోసం ఎదురుచూడటం అలవాటు చేసుకోవాలి. మార్చి 13న కువైట్ విమానాశ్రయంలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. అప్పటికి మన దగ్గర ఇంకా ఎవరూ భయపడటం లేదు. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికల హడావుడి నడుస్తోంది. ఆ ఎన్నికలు వాయిదా పడింది మార్చి 15న. ఆ రెండు రోజుల్లో ఆమె అక్కడి నుంచి 'విమానాలు లేవంట' అంటే, ఇక్కడ అతను మైకుల గోలలో నిలబడి 'ఒక వారంలో సర్దుకుంటుందిలే' అంటాడు. అలా అన్నందుకు అతన్ని తప్పు పట్టే పాఠకుడు ఉండడు, ఎందుకంటే మనమందరం అప్పుడు అదే అన్నాం.

ఒక నోట్‌బుక్కు తీసుకుని పేజీ మధ్యలో గీత గియ్యి. ఎడమవైపు కువైట్, కుడివైపు మన ఊరు. ఏ రోజు ఎక్కడ ఏం జరిగిందో ఎదురెదురుగా రాసుకో. ఈ పని చేస్తుంటేనే నీకు సన్నివేశాలు దొరుకుతాయి. మార్చి 22 చూడు. మన దగ్గర జనతా కర్ఫ్యూ, సాయంత్రం అయిదింటికి పళ్ళాలు, చప్పట్లు. అదే రోజు కువైట్‌లో సాయంత్రం అయిదు నుంచి తెల్లవారి నాలుగు దాకా కర్ఫ్యూ మొదలైంది. ఒకే తేదీ, రెండు కర్ఫ్యూలు. కానీ ఇక్కడ పిల్లలు పళ్ళాలు కొట్టి కేరింతలు పెట్టారు, అక్కడ ఆమె కిటికీలోంచి ఖాళీ రోడ్డు చూసింది. మే 7 చూడు. విదేశాల్లో చిక్కుకున్న మనవాళ్ళను తెచ్చే వందే భారత్ విమానాలు మొదలైంది ఆ రోజే. అదే రోజు తెల్లవారుజామున విశాఖలో విషవాయువు లీకైంది. ఇంట్లో టీవీ ముందు కూర్చున్న అతను విమానాల వార్త కోసం చూస్తుంటే ప్రతి ఛానెల్లోనూ రోడ్ల మీద పడిపోయిన మనుషులే కనిపిస్తారు. మే 9 రాత్రి కువైట్ నుంచి హైదరాబాద్‌కు విమానం వచ్చింది. ఆ మర్నాడు, మే 10న, కువైట్‌లో ఇరవై నాలుగు గంటల కర్ఫ్యూ మొదలై నెలాఖరు దాకా సాగింది. ఆ విమానంలో ఆమె పేరు లేదు. ఇంత బలమైన రెండు రోజులు కల్పించాలంటే ఏ రచయితకైనా కష్టం.

నోట్‌బుక్కులో గడియారం కూడా పెట్టుకో. కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఇతనికి రాత్రి పన్నెండున్నర అయితే ఆమెకు పది. ఆమెకు పని అయ్యి గదిలోకి వచ్చేసరికి ఇతను నిద్ర ఆపుకుంటూ ఉంటాడు. ఏప్రిల్ 24న అక్కడ రంజాన్ నెల మొదలైంది. ఆ నెలలో ఇంటి పని తలకిందులవుతుంది. రాత్రంతా వంట, ఉపవాసానికి ముందు తినే సహరీ దాకా మెలకువ. ఆమె పని ముగించి మూడున్నరకు ఫోన్ పట్టుకుంటే ఇక్కడ ఉదయం ఆరు. అంటే ఆ ఒక్క నెలా వాళ్ళ మాటలు తెల్లవారి వేళకు మారతాయి. అతను ఆవుకు గడ్డి వేస్తూ మాట్లాడతాడు, ఆమె నిద్రలోకి జారుతూ వింటుంది. అంతకుముందు అర్ధరాత్రి మాటల్లో ఉండే దగ్గరితనం ఉదయం మాటల్లో ఉండదు. పగటి వెలుతురులో మగవాడు డబ్బు గురించి మాట్లాడతాడు. ఈ మార్పును నువ్వు వివరించనక్కర్లేదు, వేళ రాస్తే చాలు.

ఇక ఫోన్ గురించి. నీ నవలకు ఇదే ప్రాణం, ఇక్కడే ఎక్కువ కష్టపడాలి. నువ్వు రాసిన రెండో అధ్యాయంలో ఇద్దరూ ఫోన్‌లో మనసు విప్పి అన్నీ చెప్పేసుకున్నారు. నాకు నమ్మకం కుదరలేదు. దూరంలో ఉన్నవాళ్ళు ముఖ్యమైనవి చెప్పుకోరు. 'తిన్నావా', 'పిల్లోడు చదువుతున్నాడా', 'అమ్మకు మాత్రలు ఉన్నాయా', ఇవే చెప్పుకుంటారు. అవతలి మనిషి ఏమీ చెయ్యలేని చోట ఉన్నప్పుడు కష్టం చెప్పడం అంటే బరువు నెత్తిన పెట్టడమే అని ఇద్దరికీ తెలుసు. కాబట్టి దాస్తారు. ప్రేమ ఉన్నవాళ్ళే ఎక్కువ దాస్తారు.

ఆమె ఏం దాస్తోంది? రెండు నెలల నుంచి జీతం సగమే ఇస్తున్నారని. మామా (ఇంటి యజమానురాలు), బాబా (యజమాని), వాళ్ళ పెద్ద కొడుకు కుటుంబం, అందరూ ఇంట్లోనే ఉండటంతో పని రెట్టింపయ్యిందని. తోటి పనిమనిషికి జ్వరం వస్తే ఆమెను వేరే గదిలో పెట్టారని, తను ఆ గది తలుపు దగ్గర అన్నం పెట్టి వస్తోందని. అతను ఏం దాస్తున్నాడు? అరటి గెలలు కొనేవాడు రాక తోటలోనే మాగిపోయాయని. ఆమె గాజులు కుదువపెట్టాడని. తల్లికి ఆయాసం వచ్చిందని. పాఠకుడికి రెండువైపులా తెలియాలి. వాళ్ళిద్దరికీ ఒకరిది ఒకరికి తెలియకూడదు. అప్పుడు 'తిన్నావా' అన్న మాట చదివినా గొంతు పట్టుకుంటుంది. ఏ అధ్యాయంలో ఎవరు ఏం దాచారో, అది ఎప్పుడు, ఎవరి ద్వారా బయటపడుతుందో ముందే రాసిపెట్టుకో. నవల నడక అంతా అందులోంచే వస్తుంది.

ఇంకో సంగతి, మన ఇళ్ళలో భార్యాభర్తల ఫోన్ భార్యాభర్తల మధ్య ఉండదు. స్పీకర్ పెడతారు. జేజి, అంటే అతని తల్లి, వింటుంది, పిల్లలు లాక్కుంటారు, పక్కింటామె 'మా చెల్లెలు కూడా ఆ ఏరియాలోనే ఉంది, అడగవా' అంటుంది. అక్కడ ఆమెదీ అదే పరిస్థితి. వైఫై ఆ ఇంటివాళ్ళది, ఫోన్ ఎప్పుడు ముట్టుకోవచ్చో వాళ్ళు చెప్పాలి. వంటింట్లోనో, బట్టలు ఇస్త్రీ చేసే గదిలోనో నిలబడి గొంతు తగ్గించి మాట్లాడాలి. రెండేళ్ళుగా వాళ్ళు ఇద్దరే ఉండి మాట్లాడుకున్నది ఎంతసేపు? ఆ కొద్దిసేపు కోసం ఇద్దరూ పడే తాపత్రయాన్ని రాయి. దాంపత్యం అంటే శరీరం కూడా కదా. అది రాయడానికి సిగ్గుపడకు, అలాగని రచ్చ చెయ్యకు. పెళ్ళయిన మనిషి రెండేళ్ళు ఒంటరిగా పడుకోవడం చిన్న విషయం కాదని మన పెద్దలందరికీ తెలుసు, ఎవరూ రాయలేదంతే.

ఆమెకు ఉత్తరాలు రాయించకు. నీ సంగ్రహంలో ఆరు పేజీల ఉత్తరం ఒకటి ఉంది, భాష బాగుంది కానీ అది నీ భాష. ఆమె అయిదో తరగతి చదివింది. ఆమె ఇమోలోనో వాట్సాప్‌లోనో వాయిస్ మెసేజ్ పెడుతుంది. అది నలభై సెకన్లు ఉంటుంది, మధ్యలో ఎవరో పిలిస్తే తెగిపోతుంది. అతను దాన్ని మళ్ళీమళ్ళీ వింటాడు. నాలుగోసారి వెనకాల అరబ్బీలో ఎవరో అరిచిన అరుపు అతనికి వినిపిస్తుంది. ఉత్తరం కన్నా ఇది ఎన్నో రెట్లు ఉపయోగపడుతుంది నీకు.

కువైట్ ఇల్లు రాసేటప్పుడు తొందరపడి తీర్పు చెప్పకు. యజమానులందరినీ రాక్షసుల్ని చేస్తే పాఠకుడు రెండు పేజీల్లో అలవాటుపడిపోతాడు. మామా మంచిదే కావచ్చు. జ్వరం వస్తే మాత్ర ఇస్తుంది, పండగకు బట్టలు ఇస్తుంది, పాస్‌పోర్టు మాత్రం తన బీరువాలో పెట్టుకుంటుంది. ఈ మూడూ ఒకే మనిషి చెయ్యడమే అక్కడి నిజం. అక్కడ ఇంటి పనివాళ్ళ కోసం 2015లో చట్టం వచ్చింది. రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక సెలవు ఇవ్వాలి. ఆ తర్వాత కనీస జీతం అరవై దినార్లని పెట్టారు. చట్టం ఉందన్న సంగతి నీ నాయికకు ఎప్పుడు, ఎవరు చెప్తారో ఆలోచించు. ఇంటి పనివాళ్ళది ఇరవై నంబరు వీసా, కంపెనీవాళ్ళది పద్దెనిమిది. ఇరవైలో వెళ్ళిన మనిషి ఆ ఇంటికి, ఆ కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చిన యజమానికి, కట్టుబడి ఉంటుంది. వదిలి బయటికి వస్తే కల్లివల్లి, అంటే కాగితాలు లేని మనిషి, అయిపోతుంది. మనవాళ్ళందరికీ తెలిసిన మాట అది, నవలలో దానికి అర్థం చెప్తూ వాక్యం పెట్టకు, కథలో తెలుస్తుంది.

ఇంకా, మన ప్రభుత్వ నిబంధన ప్రకారం ఇంటి పనికి గల్ఫ్ వెళ్ళే ఆడమనిషికి ముప్పై ఏళ్ళు నిండాలి. నీ నాయికకు ఇరవై ఎనిమిది అని రాశావు. అలాగే ఉంచు, మార్చకు. ఏజెంటు పాస్‌పోర్టులో వయసు పెంచి పంపాడన్నమాట. ఆ అబద్ధం ఆమె మెడకు చుట్టుకుని ఉంటుంది. ఎంబసీకి ఫోన్ చేసి సాయం అడగాలంటే ఆమె ఎందుకు వెనకాడిందో దానివల్ల అర్థమవుతుంది.

నవలకు నడుమ ఒక పెద్ద నిర్ణయం కావాలి. ఎదురుచూపులు ఎంత బాగా రాసినా రెండు వందల పేజీలు వాటితో గడవదు. చరిత్రే నీకు ఆ నిర్ణయాన్ని ఇచ్చింది. 2020 ఏప్రిల్ ఒకటి నుంచి ముప్పై దాకా కువైట్ ఆమ్నెస్టీ, అంటే క్షమాభిక్ష, ప్రకటించింది. అకామా, అంటే అక్కడ ఉండటానికి అనుమతి, లేనివాళ్ళు జరిమానా కట్టకుండా వెళ్ళిపోవచ్చు, టికెట్టు కూడా వాళ్ళే ఇస్తామన్నారు, తర్వాత మళ్ళీ కొత్త వీసా మీద రావచ్చన్నారు. వేలమంది మనవాళ్ళు పేర్లు రాయించుకుని శిబిరాల్లోకి వెళ్ళారు. అప్పటికి మన విమానాశ్రయాలు మూసే ఉన్నాయి. వెళ్ళమన్న దేశం వెళ్ళమంటోంది, రావలసిన దేశం తలుపు తెరవలేదు. వాళ్ళు వారాల తరబడి ఆ శిబిరాల్లోనే ఉండిపోయారు. నీ నాయిక అకామా ఫిబ్రవరిలో అయిపోయిందని, కఫీల్ రెన్యూ చెయ్యలేదని పెట్టు. ఇంట్లో ఉంటే సగం జీతం, కానీ తల మీద కప్పు, మూడు పూటలా తిండి. శిబిరానికి వెళ్తే ఇంటికి దారి, కానీ ఎప్పుడో తెలియదు, రోగం అక్కడే ఎక్కువని పుకార్లు. ఈ నిర్ణయం ఆమె భర్తను అడిగి తీసుకుంటుందా, అడక్కుండానా? అడిగితే అతను ఏమంటాడు? 'రా' అనడానికి అతని దగ్గర డబ్బు లేదు, 'ఉండు' అనడానికి మనసు లేదు. నీ నవలలో అన్నిటికన్నా కష్టమైన అధ్యాయం ఇదే అవుతుంది. దాన్ని తొందరగా ముగించకు. మూడు నాలుగు ఫోన్ కాల్స్ పట్టనివ్వు.

ఇప్పుడు అతని వైపు. నువ్వు అతన్ని మరీ దేవుణ్ణి చేశావు. పిల్లలకు వండి పెడతాడు, తల్లికి కాళ్ళు పడతాడు, రాత్రిళ్ళు నక్షత్రాలు చూస్తాడు. ఆ నక్షత్రాలు తీసెయ్యి. అతనికి మందు అలవాటు ఉందని పెట్టు, పెద్ద తాగుబోతుగా కాదు, మామూలుగా. మార్చిలో షాపులు మూసేశారు, మే 4న తెరిచారు. ఆ ఆరు వారాలూ అతను తాగలేదు. ఆ రోజుల్లో కూతురికి జడ వెయ్యడం నేర్చుకున్నాడు, కొడుకు పదో తరగతి పరీక్షలు వాయిదా పడితే వాడితో పాటు తోటలో నీళ్ళు కట్టాడు. ఇంట్లో అందరికీ అతను కొత్త మనిషిగా కనిపించాడు. మే 4న రేట్లు పెంచి షాపులు తెరిచారు, బయట పొడవాటి వరసలు. అతను వెళ్తాడా లేదా? వెళ్ళినా వెళ్ళకపోయినా, ఆ రోజు సాయంత్రం కూతురు తల్లితో ఫోన్‌లో ఏం చెప్తుంది? చూడు, ఒక్క సన్నివేశంలో ముగ్గురు మనుషులు బయటపడతారు.

ఆ కూతురికి పన్నెండేళ్ళు అన్నావు. లాక్‌డౌన్‌లోనే ఆ పిల్ల పెద్దమనిషి కావాలి. దయచేసి ఈ అధ్యాయం వదిలిపెట్టకు. నా తరగతిలో ఇలాంటి పిల్లల్ని చూశాను, తల్లి లేనప్పుడు ఆ నాలుగు రోజులు ఒక పిల్ల మొహంలో ఎలాంటి బెదురు ఉంటుందో నాకు తెలుసు. జేజికి చూపు సరిగా లేదు. మేనత్తను పిలుద్దామంటే ఊరి పొలిమేరలో ముళ్ళకంపలు అడ్డం వేశారు. చుట్టాలు లేరు, చిమ్మిలి తినిపించే ముత్తైదువలు లేరు, ఫంక్షన్ లేదు. తండ్రి ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలియక అరుగు ముందు తిరుగుతాడు. తల్లి వీడియోలో చూడాలంటే అక్కడ మధ్యాహ్నం భోజనాల వేళ, ఫోన్ ముట్టుకునే వీలు లేదు. ఆమె చూసేసరికి పిల్ల నిద్రపోయి ఉంటుంది. నిద్రపోతున్న కూతుర్ని అతను ఫోన్‌లో చూపిస్తాడు. అక్కడ ఆమె ఏమంటుందో నేను చెప్పను, నువ్వే కనిపెట్టు. ఏడిపించడం మాత్రం వద్దు.

ఊరి భయం కూడా రాయి. ఏప్రిల్ 4న వాలంటీర్ వెయ్యి రూపాయలు తెచ్చి ఇచ్చిన రోజు, అంతకుముందు విదేశాల నుంచి ఎవరెవరు వచ్చారో అడిగి రాసుకున్న రోజులు. కువైట్ డబ్బుతో కట్టిన ఇళ్ళను నిన్నటిదాకా అసూయగా చూసినవాళ్ళు ఆ నెలలో దూరంగా నడిచారు. 'మీ ఆవిడ వస్తోందా' అని అడిగే గొంతులో ప్రేమ పోయి భయం వచ్చింది. రావద్దని ఎవరూ పైకి అనరు. అతనికి మాత్రం అర్థమవుతుంది. ఆ మాట అతను ఆమెకు చెప్పడు. ఇదీ దాచిన వాటిలో చేరుతుంది.

కొన్ని జాగ్రత్తలు. 2020లో కోడూరు, రాజంపేట కడప జిల్లాలోనే ఉన్నాయి. అన్నమయ్య జిల్లా వచ్చింది 2022 ఏప్రిల్‌లో. నీ మొదటి అధ్యాయంలో రెండుసార్లు అన్నమయ్య జిల్లా అని పడింది, దిద్దుకో. 'ఫస్ట్ వేవ్' అన్న మాట 2020లో ఏ పాత్ర నోట్లోంచీ రాకూడదు, రెండోది వస్తుందని వాళ్ళకు తెలియదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో జనానికి తెలిసింది చాలా తక్కువ. కూరగాయలు పసుపు నీళ్ళల్లో ముంచారు, గుమ్మాలకు వేపమండలు కట్టారు, నోట్లను ఎండలో పెట్టారు. ఈ రోజు మనకు తెలిసినదాన్ని వాళ్ళకు అంటగట్టకు. టీవీలో చెప్పే అంకెలు కూడా వద్దు. నవలలో ఒక్కరు చనిపోతే చాలు. జేజి చనిపోతే, అంత్యక్రియలకు ఎంతమంది రావచ్చో, కోడలు ఫోన్‌లో ఎంతసేపు చూడగలిగిందో రాయి. జేజి కరోనాతోనే పోనక్కర్లేదు. ఆ నెలల్లో గుండెజబ్బుతో, షుగర్‌తో, ఆసుపత్రికి బండి దొరక్క పోయినవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ గురించి ఎవరూ రాయడం లేదు.

నవలను 2021 దాకా లాగాలా అని అడిగావు. నా మాట వింటే 2020 చివరికి ఆపు. 2021 మే నెల రాయాలంటే అది వేరే నవల అవుతుంది. ఆక్సిజన్ కోసం పరుగులు, తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఆగి మనుషులు పోవడం, కర్నూలు దాటాక తెలంగాణ సరిహద్దులో ఆపిన అంబులెన్సులు, ఇవన్నీ ఒక జంట కథను మింగేస్తాయి. పైగా అదే ఏడాది నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఒడ్డు ఊళ్ళు కొట్టుకుపోయాయి. రాజంపేట దిక్కు కథ 2021 ఆఖరు దాకా నడిపి ఆ వరద ఊసెత్తకపోతే ఆ ప్రాంతంవాళ్ళు పుస్తకం మూసేస్తారు. ఊసెత్తితే నవల దారి తప్పుతుంది.

ముగింపు గురించి. విమానాశ్రయంలో కలుసుకోవడంతో ఆపుతానన్నావు. అక్కడ ఆపకు. ముందు నిజానికి అలా జరగలేదు. మొదట్లో వచ్చినవాళ్ళను నేరుగా క్వారంటైన్‌కు తీసుకెళ్ళారు, మేలో పద్నాలుగు రోజులు, తర్వాత ఏడు అక్కడ, ఏడు ఇంట్లో. రెండేళ్ళు ఆగిన మనిషి గంట ప్రయాణం దూరంలో ఉండి కూడా రాలేకపోవడం ఒక అధ్యాయానికి సరిపోతుంది. కానీ అసలు కథ ఆమె ఇంటికి వచ్చిన తర్వాత ఉంది. వంటింట్లో డబ్బాలన్నీ అతను తనకు వీలుగా మార్చేశాడు. ఉప్పు ఎక్కడుందో ఆమె అడగాలి. కూతురు జడ వేయించుకోవడానికి నాన్న దగ్గరికి వెళ్తుంది. ఆమె ఒళ్ళు ఇంకా కువైట్ వేళల్లోనే ఉంటుంది, రాత్రి రెండింటికి లేచి కూర్చుంటుంది. ఎవరో పిలిచినట్టు అనిపించి 'నామ్ మామా' అంటుంది. పక్కన పడుకున్న మొగుడికి ఆ మాట ఏమిటో తెలియదు. గాజుల విషయం, సగం జీతం విషయం గొడవలో బయటపడాలని నీ సంగ్రహంలో ఉంది. గొడవ వద్దు. బ్యాంకు పాస్‌బుక్కు చూస్తే ఆమెకు తెలుస్తుంది, బీరువాలో కుదువ రసీదు కనిపిస్తే తెలుస్తుంది. తెలిసిన తర్వాత ఆమె ఏమీ అనకపోవచ్చు. పాఠకుడికి ఆ మౌనం అర్థమయ్యేలా ముందు వంద పేజీలు రాసి ఉంటావు కదా.

చివరి ప్రశ్న మళ్ళీ వెళ్తుందా లేదా అన్నది. అప్పు తీరలేదు. ఆగస్టు ఒకటి నుంచి కువైట్ విమానాలు తెరిచింది గానీ మనవాళ్ళను నేరుగా రానివ్వలేదు, వేరే దేశంలో పద్నాలుగు రోజులు ఉండి వెళ్ళాలి. చాలామంది దుబాయ్‌లో ఉండి వెళ్ళారు, దానికి మళ్ళీ అప్పు చేశారు. అంటే ఇప్పుడు విడిపోవడానికి కూడా డబ్బు కావాలి. ఇద్దరూ కూర్చుని ఆ లెక్క వేసుకునే రాత్రి దగ్గర నవల ఆగితే చాలు. ఏం తేల్చుకున్నారో చెప్తావో, చెప్పవో, అక్కడికి చేరాక నీకే తెలుస్తుంది.

ఇక రాసే పద్ధతి. ఒక అధ్యాయం ఆమెది, ఒకటి అతనిది అని వంతులవారీగా పోకు, అలా చేస్తే పాఠకుడికి ముందే తెలిసిపోతుంది. ఆమ్నెస్టీ రోజుల్లో వరసగా మూడు అధ్యాయాలు ఆమె దగ్గరే ఉండు. ఇక్కడ అతను ఫోన్ రాక ఎంత టెన్షన్ పడ్డాడో తర్వాత రాయొచ్చు. కథనం మామూలు తెలుగులో ఉంచు, మాటల్లో మాత్రం కోడూరు యాస రానివ్వు, అది కూడా పలుకుబడిలో, ప్రతి అక్షరాన్నీ వంకర తిప్పి కాదు. ఆమె మాటల్లో నాలుగైదు అరబ్బీ మాటలు ఉండాలి. అతని మాటల్లో అరటి, బోరు, కరెంటు వేళలు.

రాసే ముందు ఒకసారి ఊరికి రా. కువైట్ నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్ళు మన వీధిలోనే ఉన్నారు, వాళ్ళతో కూర్చుందువు. రికార్డు చెయ్యాలంటే ముందు అడుగు, ఒప్పుకోకపోతే మానెయ్. పేర్లు, ఇళ్ళ గుర్తులు పుస్తకంలోకి రానివ్వకు, ఊళ్ళో వాళ్ళ సంసారాలు నడవాలి. 'అప్పుడు మీకు ఎలా అనిపించింది' అని అడక్కు. వాళ్ళు 'ఏముందమ్మా, కష్టమే' అని ఊరుకుంటారు. ఏ గదిలో పడుకునేవాళ్ళు, కిటికీలోంచి ఏం కనిపించేది, పొద్దున మొదటి పని ఏమిటి, ఫోన్ ఎక్కడ దాచుకునేవాళ్ళు అని అడుగు. వాళ్ళ మొగుళ్ళను కూడా అడుగు. ఇంతవరకు ఎవరూ వాళ్ళను అడగలేదు, మొదట్లో మాట్లాడరు, తోటలో పని చేస్తూ ఉన్నప్పుడు పక్కన నడిస్తే మాట్లాడతారు.

వచ్చే నెలాఖరుకు పెద్దమనిషి అధ్యాయం, ఆమ్నెస్టీ అధ్యాయం, ఈ రెండే రాసి పంపు. మొదటి రెండు అధ్యాయాలు దిద్దే పని తర్వాత చూద్దాం. కాగితానికి ఒకవైపే రాయి, నా కళ్ళకు అక్షరాలు కాస్త పెద్దగా ఉండాలి. మీ అమ్మను, నాన్నను అడిగానని చెప్పు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ